మా ఆయన అనుమానమూ కొత్త కంప్యూటరూ

మా ఆయన ఆదిమూలం డాక్టరు రాసిచ్చిన మాత్రని రెండు ముక్కలు చేసి, లోపల ఏ రంగుందో చూసుకున్నాక గాని మింగడు. గ్యాస్ సిలిండర్ వస్తే వంగి చెవి ఆనించి వింటాడు. ఏం వినిపిస్తుందో ఆ దేవుడికే తెలియాలి. పెళ్ళిచూపుల రోజు మా అమ్మ కాఫీ తీసుకొస్తుంటే ఆగమని, జేబులోంచి సూదీ దారమూ తీసి నా చేతికిచ్చాడు. నా కళ్ళు సరిగ్గా ఉన్నాయో లేదో అని. నేను ఒక్క దెబ్బకి ఎక్కించి ఇచ్చాను. "అమ్మాయికి చత్వారం లేదు" అన్నాడు వాళ్ళమ్మతో. పద్దెనిమిదేళ్ళ పిల్లకి చత్వారం ఏమిటండీ! ఆ రోజే లేచి లోపలికి వెళ్ళిపోవలసింది. వెళ్ళలేదు. ముప్పై మూడేళ్ళయింది.

నాది పుంగనూరు, తెలుగు బడిలో చదువుకున్నాను. నా పేరు రాజాంబాళ్. ఆయనది గుడియాత్తం. ఇంట్లో తెలుగే మాట్లాడతారు గాని చదివింది తమిళం, తెలుగు అక్షరం ఒక్కటి కూడా రాదు. అందుకే ఇదంతా ఇంత ధైర్యంగా రాస్తున్నాను. రాస్తుంటే రెండుసార్లు వచ్చి వెనకాల నిలబడ్డాడు.

"నా గురించేనా?"

"నీ గురించి రాసేదానికి నువ్వేమన్నా కలెక్టరువా?" అన్నాను. నమ్మలేదు. నమ్మకపోవడమే మంచిది.

పదకొండో ఏట గుంత మగ్గంలో కాళ్ళు దించిన మనిషి. నలభై దాటేసరికి మోకాళ్ళు పోయాయి. అప్పుడు సుబ్రమణ్యం సార్ వాళ్ళ లుంగీల కంపెనీలో డిజైన్ సెక్షన్‌లో కూర్చోబెట్టారు. లుంగీ గళ్ళంటే చూసేవాళ్ళకి గళ్ళే. నేసేవాడికి ఏ రంగు పోగు ఎన్ని, దాని పక్కన ఏ రంగు ఎన్ని అనేది మొత్తం లెక్క. ఆ లెక్క ఈయన బుర్రలో ఉండేది. మొదట్లో గళ్ళ కాగితం మీద రంగు పెన్సిళ్ళతో వేసేవాడు. తర్వాత కంప్యూటర్ వచ్చింది. శక్తివేల్ అనే ఆపరేటర్ ఓపిగ్గా నేర్పించాడు. పదిహేడేళ్ళు ఆ ఒక్క కంప్యూటర్ మీదే వేశాడు. నేను అదే కంపెనీలో మడతల సెక్షన్‌లో పని చేస్తాను. మధ్యలో ఒక అద్దం గోడ. ఆయన అక్కడ ముక్కు చీదినా నాకు ఇక్కడ కనబడుతుంది.

శక్తివేల్ తిరుప్పూరు వెళ్ళిపోయాడు. పోయిన దీపావళి తర్వాత ఆ పాత కంప్యూటర్ కూడా ప్రాణం వదిలింది. ఓనరు సుబ్రమణ్యం సార్ కొత్తది తెప్పించి, పాత డిజైన్లన్నీ దాంట్లోకి ఎక్కించారు. దాంతోపాటు కొత్త ఆపరేటర్‌ని కూడా తెచ్చారు. జెసింత అని, ఇరవై మూడేళ్ళ పిల్ల. రోజూ వేలూరు నుంచి బస్సులో వస్తుంది. ఆరు నెలల కోర్సు చేసిందట. క్రైస్తవుల పిల్ల, ఇంట్లో మన తెలుగే మాట్లాడతారు. వాళ్ళ నాన్న ఏసుదాస్ తోళ్ళ షెడ్డులో పని చేసి చేసి, ఊపిరాడక మానేసి ఇంట్లో ఉన్నాడు. ఈ పిల్లకి ఇదే మొదటి ఉద్యోగం. మూడు నెలలు చూస్తామని, డిజైన్ సెక్షన్ పెద్దాయన సరే అంటేనే పర్మనెంట్ అని ఓనరు చెప్పారు. అంటే ఆ పిల్ల కూడు మా ఆయన నోటి మాట మీద ఉంది. ఎవరి నోటి మీద ఆధారపడిందో చూడండి పాపం!

కొత్త కంప్యూటర్‌లో ఇన్నాళ్ళూ ఉన్న విండోస్ లేదు. లినక్స్ అట.

"ఇది ఫ్రీ నాయనా. ఎవురైనా వాడుకోవచ్చు" అంది జెసింత.

అంతే, ఆయన కుర్చీ వెనక్కి జరిపాడు. "సుమ్మా, ఊరికే ఇస్తారా యాడైనా? ఎవురు ఇచ్చినారు? ఎందుకిచ్చినారు?"

"చానా మంది కలిసి చేసినారంట."

"వాళ్ళకేం పనీ పాటా లేదా?"

ఇంటికొచ్చాక అన్నం ముందు కూర్చుని కూడా అదే మాట. "సుమ్మా వచ్చిందంటే దాంట్లో ఏదో ఉండాదే. మన డిజైన్లన్నీ యాడికో పోతా ఉంటాయి, చూడు." నాకు నవ్వొచ్చింది. మొదట్లో నవ్వాననే చెప్పాలి, తర్వాత ఏం చేశానో కూడా చెప్పబోతున్నాను గనక.

ఆ తెర మీద ఆయనకి నచ్చింది ఒక్కటీ లేదు. కింద ఉండాల్సిన పట్టీ పైన ఉంది. మూసే గుర్తు కుడివైపు ఉండాల్సింది ఎడమవైపు ఉంది. "ఎడమచేతివాటం నా కొడుకెవుడో చేసినాడు" అన్నాడు. మౌస్ కాస్త అటూ ఇటూ అయితే వేస్తున్న డిజైన్ మొత్తం మాయమై ఖాళీ తెర వచ్చేది. లోపల నాలుగు తెరలున్నాయని, ఇంకోదాంట్లోకి వెళ్ళారని జెసింత చెప్పింది. "ఒక టేబుల్‌కి నాలుగు తెరలెందుకు? మిగతా మూడింట్లో ఎవురు పని చేస్తా ఉండారు?" అని అడిగాడు. టీ తాగి వచ్చేసరికి తెరకి తాళం పడి ఉండేది. ఐదు నిమిషాలు ముట్టుకోకపోతే అదే వేసుకుంటుందట. ఎవరో వచ్చి వేసి వెళ్ళారని ఈయన మా సెక్షన్‌లోకి వచ్చి ఆరా తీశాడు. అప్పుడప్పుడూ ఒక చిన్న డబ్బా లేచి పాస్‌వర్డ్ అడిగేది. "నేనిక్కడే కూర్చోనుండా గదా! నేనెవురో దానికి తెలీదా? పొద్దన అడిగింది, మళ్ళా ఇప్పుడెందుకు?" పైన కెమెరా ఉందని ఎవరో చెప్తే మందు పట్టీ తెచ్చి దాని మీద అంటించాడు. తెర రంగులు నమ్మకుండా, తెర అంచు పొడుగునా అసలు నూలు పోగులు జిగురుతో అంటించుకున్నాడు. మెరూన్, బాటిల్ గ్రీన్, ఏనుగు రంగు. రోజూ తెర రంగుని పోగు రంగుతో పోల్చి చూసి, "ఇయ్యాళ మళ్ళా మార్చినారు" అనేవాడు. జెసింత నోరు మూసుకుని నవ్వేది.

ఆ నవ్వు మీదే నాకు మొదటి అనుమానం. అవునండీ, నాకే. ముప్పై మూడేళ్ళు ఆయనతో కాపురం చేశాక నాకు అంటకుండా ఉంటుందా? వచ్చిన రెండో రోజే ఆయన్ని నాయనా అంది, నన్ను అమ్మా అంది. ఆయన గదమాయిస్తే ఎదురు చెప్పదు. పొద్దున మా కంటే ముందు వస్తుంది, సాయంత్రం మేం వెళ్ళాక కూడా అరగంట ఉంటుంది. కొత్తగా చేరిన పిల్లకి అంత సేపు ఏం పని? ఓనరు ఆ పిల్లని రెండు మూడుసార్లు లోపలికి పిలిచి తలుపు దగ్గరగా వేసి మాట్లాడారు. బయటికొచ్చినప్పుడు మా ఆయన వైపు చూసి, చప్పున తల దించుకుంది. అద్దంలోంచి చూశాను నేను.

"ఏమయ్యా, ఆ పిల్లను నీ కుర్చీలోకే తెచ్చినారు. నీ పని మొత్తం నేర్చుకోనిచ్చి నిన్ను ఇంటికి పంపిస్తారు, చూస్తా ఉండు" అన్నాను రాత్రి భోజనాల దగ్గర. ఆయన ముద్ద నోట్లో పెట్టుకోబోయి ఆగాడు. ఆ మాట ఆయన కడుపులో పడింది. పడేసింది నేను.

సంక్రాంతి సెలవులై పని మొదలైన వారంలో అసలు గొడవ వచ్చింది. ఎనభై ఆరో నంబర్ డిజైన్ మళ్ళీ కావాలని ఒక వ్యాపారి అడిగాడు. కంప్యూటర్‌లో ఒక్కో డిజైన్‌కి దాని నంబరే పేరు. ఈయన ఎనభై ఆరు తెరిచాడు. లోపల ఎనభై ఆరు లేదు. నూటనలభై మూడు ఉంది. అది ఆయనే పండక్కి ముందు వేసిన కొత్త డిజైన్. నూటనలభై మూడు అనే పేరు కోసం వెతికితే అసలు ఆ పేరే లేదు. నన్ను పిలిచి చూపించాడు.

"చూసినావా? ఒకదాని ఇంట్లో ఇంకోదాన్ని తెచ్చి కూర్చోబెట్టినారు. కావాలనే చేస్తా ఉండారు. నాకు మతి పోయిందని చూపించేదానికే."

మూడో రోజు మళ్ళీ తెరిస్తే ఎనభై ఆరు ఎనభై ఆరులోనే ఉంది. నూటనలభై మూడు కూడా దాని పేరుతో విడిగా ఉంది. పోనీ దొరికిందని సంతోషించే మనిషా ఆయన? "తీసుకోనిపొయ్యి, కాపీ చేసుకోని, మళ్ళా తెచ్చి పెట్టినారు" అన్నాడు. నాకూ అదే నిజమనిపించింది. ఆ తర్వాత తొంభై ఒకటి పోయింది, వచ్చింది. నూట రెండు పోయింది, వచ్చింది. పోయినప్పుడల్లా ఆయన జెసింత వైపు చూసేవాడు. ఆ పిల్ల పెదవి కొరుక్కుంటూ కీబోర్డు వైపు చూసేది. ఏ తప్పూ లేనివాళ్ళు పెదవెందుకు కొరుక్కుంటారు అనుకున్నాను.

ఫిబ్రవరిలో కేరళ నుంచి పెద్ద ఆర్డర్ వచ్చింది, నూటపద్దెనిమిదో నంబర్ కావాలని. అది ఈయన వేసినవాటిలో ఈయనకి బాగా ఇష్టమైనది. తెరిస్తే లేదు. రెండు రోజులు ఆగాడు. రాలేదు. పడుగు వేసే షెడ్డు వాళ్ళు కాగితం కోసం వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. ఓనరు అరిచారు. ఆ మధ్యాహ్నం జెసింత టిఫిన్ డబ్బా కడుక్కోవడానికి కుళాయి దగ్గరికి వెళ్ళింది. సంచి కుర్చీకి తగిలించి ఉంది. నేను వెళ్ళి సంచి తెరిచాను.

ఒకరి సంచిలో చెయ్యి పెట్టడం నా జన్మలో అదే మొదటిసారి. గొడుగు, బస్ పాస్, దువ్వెన, చిన్న బైబిల్, పోగులు లెక్కపెట్టే భూతద్దం, ఒక నోటుపుస్తకం. పుస్తకం తెరిస్తే లెక్కలు. మెరూన్ పన్నెండు, తెలుపు రెండు, నలుపు నాలుగు. అన్నీ మా డిజైన్లే, పక్కన నంబర్లతో సహా. నా ఒళ్ళు మండిపోయింది. ఇంకేం చదవలేదు. కింద చిన్నగా రాసి ఉన్నది కూడా చూసి ఉంటే బాగుండేది. పుస్తకం పట్టుకుని తిన్నగా ఓనరు గదిలోకి వెళ్ళి టేబుల్ మీద పడేశాను. మడతల సెక్షన్ మొత్తం గుమ్మం దగ్గరికి వచ్చింది.

జెసింత తడి చేతులతోనే వచ్చింది.

"ఈ లెక్కలన్నీ ఎందుకు రాసుకున్నావు?" అని ఓనరు అడిగారు.

ఆ పిల్ల మా ఆయన వైపు చూసింది. ఏదో చెప్పబోయింది. మళ్ళీ ఓనరు వైపు చూసి, "నేర్చుకునేదానికి సార్" అంది.

"నూటపద్దెనిమిది యాడ పెట్టినావు?" మా ఆయన.

"నేను దొంగతనం చెయ్యలే నాయనా."

"నాయనా అనద్దు నన్ను."

రేపటి నుంచి రావద్దన్నారు ఓనరు. ఆ పిల్ల ఏడవలేదు. సంచి తీసుకుని, గుమ్మంలో నిలబడ్డ ఇంతమంది మధ్య నుంచి తల వంచుకుని వెళ్ళింది. ఆ పూట నేను చాలా గొప్ప పని చేశాననుకున్నాను. ఇంటికొచ్చి పాయసం కూడా చేశాను. ఇది రాస్తుంటే సిగ్గుతో తల వంగిపోతోంది, అయినా చేసిన మాట నిజం.

నూటపద్దెనిమిదిని మా ఆయన పాత లుంగీ ముక్క చూసి పోగులు లెక్కపెట్టి మళ్ళీ వేశాడు. దొంగ పోయింది గనక ఇక అంతా సర్దుకుంటుందనుకున్నాం. మరుసటి బుధవారం డెబ్భై ఏడు పోయింది. శుక్రవారం నూటపది పోయింది. శనివారం చూస్తే కష్టపడి మళ్ళీ వేసిన నూటపద్దెనిమిదే పోయింది. ఈసారి ఏవీ తిరిగి రాలేదు.

ఆ గదిలో ఈయన తప్ప ఎవరూ లేరు. తాళం ఈయన దగ్గరే ఉంది. పాస్‌వర్డ్ కూడా మార్చాడు, నాకు కూడా చెప్పలేదు.

"తీగల్లోంచి వచ్చి చేస్తా ఉండాదే ఆ పిల్ల" అన్నాడు.

"వేలూరులో కూర్చోనా?"

"ఏం, కుదరదా?"

సోమవారం సెలవు పెట్టి ఆయన పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాను. "నువ్వు ఎట్ల వేస్తావో అట్లే వెయ్యి. నేను చూస్తా" అన్నాను. ఆయన నన్ను కూడా అనుమానంగా చూసి, మొదలుపెట్టాడు. ఓనరు అడిగిన కొత్త డిజైన్, నూటయాభై. ముందు ఆయన అరవై నాలుగుని తెరిచాడు.

"నూటయాభై వెయ్యాలంటే అరవై నాలుగెందుకు తెరిచినావు?"

"దాని మీదే గదా వెయ్యాల్సింది. గళ్ళు దగ్గరదగ్గరగా ఉండాయి."

అరవై నాలుగు మీద ఒక్కొక్క రంగే మార్చుకుంటూ వచ్చాడు. మధ్యాహ్నానికి నూటయాభై అయింది. ప్రింటు తీసి, కాగితం మీద పెన్నుతో నూటయాభై అని రాశాడు. తర్వాత తెర మీద భద్రపరిచే గుర్తు నొక్కాడు. అంతే. అది ఏమీ అడగలేదు.

"ఇప్పుడు అరవై నాలుగు తెరువు" అన్నాను.

తెరిచాడు. నూటయాభై వచ్చింది.

మూసి మళ్ళీ తెరిచాడు, మళ్ళీ నూటయాభై. మగ్గం ఇళ్ళల్లో పుట్టినవాళ్ళకి ఇది చెప్పక్కర్లేదు, తక్కినవాళ్ళకి చెప్తాను. ఒక పడుగు నేసి అయ్యాక మేం దాన్ని మొత్తంగా కోసెయ్యం. చివర మూరెడు మగ్గానికే వదిలేసి, కొత్త పడుగు పోగుల్ని ఒక్కొక్కటిగా ఆ పాత పోగులకి అతుకుతాం. అచ్చు అతకడం అంటారు. ఉత్త మగ్గం మీద ఎవరూ పని మొదలుపెట్టరు. మగ్గం మీద ఒక్క పోగు కూడా లేదంటే ఆ ఇల్లు నేత మానేసిందని అర్థం. కాబట్టి మా ఆయన పదిహేడేళ్ళలో ఒక్కసారి కూడా ఖాళీ కాగితం తెరవలేదు. ఎప్పుడూ పాత డిజైన్ మీదే కొత్తది వేశాడు. పాత కంప్యూటర్ భద్రపరిచేముందు పేరు అడిగేది, ఈయన కొత్త నంబర్ కొట్టేవాడు. ఇది అడగడం లేదు. "అడక్కుండానే పెట్టుకుంటా ఉండాది, ఈ ఒక్కటీ బాగుండాది" అని మొదటి వారంలో నాతో అన్నాడు కూడా. ఆ కంప్యూటర్‌లో ఆయన అనుమానించని విషయం అదొక్కటే.

తిరుప్పూరులో ఉన్న శక్తివేల్‌కి ఫోన్ చేశాను. "అవునక్కా, పాతవాటికి అన్నిటికీ నేను పూట్టు వేసి పెట్టింటి, మార్చేదానికి కాకుండా. అందుకే పేరు అడిగేది. కొత్తదాంట్లోకి ఎక్కించినప్పుడు ఆ తాళాలు పోయినట్టుండాయి. కొత్తది అని ఉండేదాన్ని నొక్కమని నాలుగుసార్లు చెప్పినా. మీద పడి కొట్టేట్టు చూసినాడు. ఇంక తాళాలేసి ఊరుకున్నా" అన్నాడు.

"జెసింత చెప్పిందా నీకు, కొత్తది నొక్కమని?" అని ఆయన్ని అడిగాను.

"మొదటి రోజే చెప్పింది. మళ్ళా ఇంకోసారి కూడా చెప్పింది."

"నువ్వేమన్నావు?"

"మగ్గం ఎక్కినదానివా నువ్వు అన్నా."

ఆ పుస్తకం ఇంకా ఓనరు టేబుల్ మీదే ఉంది. సార్ భోజనానికి వెళ్ళినప్పుడు తెచ్చి, ఈసారి అన్ని పేజీలూ చూశాం. లెక్కల పక్కన తేదీలున్నాయి. ఒక్కొక్క దాని కింద తమిళంలో చిన్నగా రాసి ఉంది. ఎనభై ఆరు మీద నూటనలభై మూడు పడింది, లుంగీ ముక్క చూసి లెక్కపెట్టాను, మళ్ళీ ఎక్కించాను, నూటనలభై మూడుని వేరే పెట్టాను. తొంభై ఒకటి, మళ్ళీ ఎక్కించాను. నూట రెండు, మళ్ళీ ఎక్కించాను. మేం వెళ్ళాక ఆ అరగంటలో చేసిన పని అది. చివరి పేజీలో నూటపద్దెనిమిది. సగం పోగులే లెక్కపెట్టి ఉంది. మిగతా సగానికి నేను టైమివ్వలేదు.

మా ఆయన పుస్తకం మూసి, దాని మీద చెయ్యి పెట్టుకుని కూర్చున్నాడు. "ఎన్ని తుడిచినా నేను?" అన్నాడు. నూటపద్దెనిమిది రెండుసార్లు కలుపుకుని ఎనిమిది అని చెప్పాను.

ఓనరు రాగానే లోపలికి వెళ్ళాడు. నేను వెనకాలే వెళ్ళాను.

"సార్, ఆ పిల్ల తప్పేం లే. డిజైన్లు పోగొట్టింది నేనే. నాకు ఆ సిస్టం రాలేదు. రాలేదని నాకు కూడా తెలీలేదు."

సుబ్రమణ్యం సార్ గట్టిగానే అన్నారు, అద్దం గోడ అవతల అందరికీ వినబడేట్టు. "ఆరోజు ఇంతమందిని పోగేసి ఆ పిల్లను నిలబెట్టినారే ఆదిమూలం!"

"పోగేసింది నేను సార్. సంచి తెరిచింది కూడా నేనే" అన్నాను.

"నన్ను పంపించాలంటే పంపించండి. ముందు ఆ పిల్లను పిలిపించండి" అన్నాడు మా ఆయన.

"నేను పిలవను. మీరు పొయ్యి పిలవండి. వస్తే ఆ పిల్లే డిజైన్ సెక్షన్ చూసుకుంటాది. మీరు రంగులు, లెక్కలు చెప్పండి, చాలు. మౌస్ ముట్టుకోవద్దు" అన్నారు. ఆయన తలూపాడు.

మర్నాడే వేలూరు బస్సెక్కాం. వాళ్ళది కోట దాటాక ఒక సందులో రెండు గదుల ఇల్లు. ఏసుదాస్ మంచం మీద కూర్చుని ఆయాసపడుతున్నాడు. మమ్మల్ని చూసి లేవబోయాడు. మేమెవరో తెలిశాక మళ్ళీ కూర్చున్నాడు. జెసింత లోపలి నుంచి వచ్చి గోడకి ఆనుకుని నిలబడింది. కూర్చోమని ఎవరూ అనలేదు.

"మేం తప్పు చేసినాం అమ్మా. ఓనరుకు అంతా చెప్పేసినా. నువ్వు రావాల" అన్నాడు మా ఆయన. ఆయన గొంతు అంత చిన్నగా నేనెప్పుడూ వినలేదు.

"డిజైన్లు పోయింది ఈయన చేత్తోనే అని నీకు తెలుసు గదా. ఆ పొద్దు ఓనరు ముందర ఒక్క మాట చెప్పింటే సరిపోయేది గదమ్మా. ఎందుకు చెప్పలే?" అన్నాను. అడిగానో, నిష్ఠూరమాడానో నాకే తెలీదు.

ఆ పిల్ల వాళ్ళ నాన్న వైపు చూసి, తర్వాత చెప్పింది. "నన్ను పనిలో పెట్టుకున్నప్పుడే ఓనరు చెప్పినారు. పెద్దాయనకు ఈ సిస్టం వస్తా ఉండాదా లేదా కనిపెట్టి చెప్పు, రాకపోతే ఆయన్ని పంపించేసి నిన్ను పెట్టుకుంటాను అని. మూడుసార్లు లోపలికి పిలిచి అడిగినారు. బాగా చేస్తా ఉండారు సార్ అనే చెప్పినా."

మా ఆయన అనుమానం ఒక్క విషయంలో నిజమే. ఆయన్ని తీసేద్దామని చూశారు. ఆ సంగతి తెలిసిన ఒకే ఒక్క మనిషి ఆయన్ని కాపాడింది, మేం ఆ మనిషినే దొంగని చేశాం. నేను అక్కడే ఏడ్చేశాను. నా ఏడుపు చూసి ఏసుదాసే మంచం మీద జాగా చూపించాడు.

"వస్తాను సార్. సోమవారం నుంచి వస్తాను" అంది జెసింత. మా ఆయన్ని సార్ అంది.

వచ్చింది. వచ్చిన రోజే కూర్చుని, శక్తివేల్‌కి ఫోన్ చేసి అడిగి, పాతవాటన్నిటికీ తాళాలు వేసింది. మా ఆయన పక్కన స్టూలు మీద కూర్చుని పోగుల లెక్క చెప్పాడు, ఆ పిల్ల వేసింది. రోజంతా మర్యాదగానే మాట్లాడింది. ఏ మాటకీ ముఖం ముడుచుకోలేదు. నాకు కాస్త గుండె కుదుటపడింది. పోన్లే, మర్చిపోయింది, చిన్నపిల్ల అనుకున్నాను.

సాయంత్రం ఐదున్నరకి సంచి తీసుకుని మా మడతల సెక్షన్‌లోకి వచ్చింది. లుంగీలు మడతేసే బల్ల మీద, అందరి ముందూ, సంచి తెరిచి ఒక్కొక్కటీ బయటికి తీసి పెట్టింది. గొడుగు, టిఫిన్ డబ్బా, బస్ పాస్, దువ్వెన, బైబిల్. డబ్బా మూత కూడా తీసి చూపించింది.

"చూసుకోండి అమ్మా" అంది.

"అయ్యో, వద్దమ్మా! లోపల పెట్టుకో."

"రేపు ఏదైనా కనపడకపోతే మళ్ళా నా సంచే గదా చూస్తారు. ముందే చూసుకోండి." కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే నేను కూడా ఏదో ఒకటి అనేదాన్ని. "బస్సుకు టైమవుతా ఉండాది, సీక్రం చూడండి."

మా ఆయన గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. చూడమన్నట్టు నాకు సైగ చేశాడు. నేను చూశాను. ఆ పిల్ల అన్నీ లోపల సర్దుకుని వెళ్ళింది.

ఇప్పటికి నాలుగు నెలలైంది, పర్మనెంట్ కూడా అయింది. రోజూ ఐదున్నరకి వస్తుంది, బల్ల మీద అన్నీ పెడుతుంది. వద్దని బతిమాలాను, ఒకరోజు కసిరాను కూడా. నేను చూసేదాకా ఆ పిల్ల అక్కడి నుంచి కదలదు. అందుకని రోజూ చూస్తున్నాను.